వెండి పెట్టెల్లో దౌత్యం

సన్మానపత్రాన్ని సభలో చదివి, చుట్టచుట్టి, వెండి పెట్టెలో ఉంచి అతిథి చేతికివ్వడం బ్రిటిష్ ఇండియా రాచమర్యాదల్లో ఒకటి. వచ్చింది వైస్రాయ్ అయినా గవర్నర్ అయినా పురపాలక సంఘాలూ సంస్థానాలూ ఇదే పద్ధతి పాటించేవి. పత్రాల్లోని పొగడ్తలు దాదాపు ఒకే మూసలో ఉండేవి. ఊరి ప్రత్యేకత తెలిసేది పెట్టె మీది పనితనంలోనే.

జపాన్ రాజాస్థానంలో పత్రం లేదు, పెట్టే కానుక. 1894లో మేజీ చక్రవర్తి దంపతుల పెళ్లి రజతోత్సవ విందుకు వచ్చిన అతిథులకు అరచేతిలో ఇమిడే వెండి మిఠాయి డబ్బాలు పంచారు. విదేశీ రాయబారులకు ఇచ్చే ఇలాంటి డబ్బాల మీద పదహారు రేకల చామంతి రాజముద్ర ఉండేది, లోపల చక్కెర గుళికలు ఉండేవి.

ఇలాంటి కానుకలు మైత్రికి గుర్తులు. హైదరాబాద్‌లో మైత్రి అన్న మాటకు రాజకీయ బరువు ఎక్కువ. 1798 సైన్య సహకార ఒప్పందంతో నిజాములు బ్రిటిష్ వారికి మిత్రులయ్యారు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అనే బిరుదు కూడా దక్కింది. ఆ మైత్రికి కాపలాగా సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైన్యం ఉండేదన్నది వేరే సంగతి. 1937లో జరిగిన ఉస్మాన్ అలీ ఖాన్ పాలనా రజతోత్సవానికి వచ్చిన కానుకలు ఇప్పుడు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉన్నాయి. నగరంలోని కట్టడాలకు వెండి నమూనాలు, వజ్రాలు తాపిన టిఫిన్ డబ్బా, మావటితో సహా వెండి తీగలతో అల్లిన ఏనుగు వాటిలో కొన్ని.

ఈ వెండి తీగపనికి తెలంగాణలో పేరు కరీంనగర్‌ది. ఎలగందులకు చెందిన కడార్ల రామయ్య సుమారు రెండు వందల ఏళ్ల కిందట దీన్ని మొదలుపెట్టాడని పనివాళ్లు చెబుతారు. 1905లో జిల్లా కేంద్రంతో పాటు పని కూడా కరీంనగర్ చేరింది. కరిగించి పోసిన వెండి కడ్డీని ఉక్కు పలక రంధ్రాల గుండా మళ్లీమళ్లీ లాగి తీగ తీస్తారు. రెండు సన్న తీగలను మెలిపెట్టి చదును చేస్తారు. లావు తీగతో పువ్వుకో నెమలికో అంచు కట్టి, లోపలి ఖాళీని సన్న తీగ చుట్టలతో నింపి టంకం పెడతారు. మంట కాస్త ఎక్కువైతే అల్లికంతా కరిగి ముద్దవుతుంది. పాన్‌దాన్లు, అత్తరుదాన్లు, నగల పెట్టెలు ఇలాగే తయారవుతాయి. జాలీలాంటి ఈ పెట్టెలు దాచుకోవడానికి కన్నా చూపించుకోవడానికే బాగుంటాయి. నవాబులు కొన్నది బహుశా అందుకే. ఈ కళకు 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

వెండి కానుకల దౌత్యం ఆగలేదు. 2023 ఆగస్టులో బ్రిక్స్ సమావేశానికి వెళ్లిన ప్రధాని మోదీ, దక్షిణాఫ్రికా అధ్యక్షుడు సిరిల్ రామఫోసాకు తెలంగాణ బిద్రీ సురాహీల (కూజాల) జత ఇచ్చారు. బిద్రీ నల్లని లోహంలో వెండిని పొదిగే పని.