మంచుకొండలు – మన్యపు కొండలు

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మన పెద్దలు చెవియొగ్గి వినేది వానసంగతి. యీ సంవత్సరం మేఘాధిపతి యెవరు, వాన యెన్ని తూములు, అందులో సముద్రానికి యెన్ని భాగాలు, పర్వతాలకు యెన్ని భాగాలు, భూమికి యెన్ని భాగాలు అని సిద్ధాంతిగారు వరుసగా చదువుతారు. పల్లపుప్రాంతంవారికి భూమిమీద పడే వంతుతోనే పని. గుడారి, గుణుపురం, రాయగడ, కోరాపుట్టు ప్రాంతాలతో సంబంధమున్న మన కుటుంబాలకు మాత్రం ఆ పర్వతాల వంతు చాలా ముఖ్యం. కొండమీద పడిన వాన యే దారిని దిగుతుంది, దిగేటప్పుడు తనతోబాటు దేనిని తెస్తుంది, దానినుండి మనుష్యులు తమను తాము యేవిధంగా కాపాడుకొన్నారు అన్నదే మేము యిక్కడ చెప్పదలచిన చరిత్ర.

గుడారి వంశధార వొడ్డున వున్న చిన్న పట్టణం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా యేర్పడేవరకు ఆ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలో విశాఖపట్నం ఏజెన్సీ. తరువాత కోరాపుట్టు జిల్లాలో వుండి, 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా కావడంతో అందులో చేరింది. కనుక అక్కడి తెలుగువారిలో వలసవచ్చినవారు కొందరు, వున్నచోటనే వుండగా రాష్ట్రం మారినవారు మరికొందరు. నౌపడానుండి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు 1931లో గుణుపురందాకా సాగింది. కోస్తానుండి ఉప్పూ బట్టలూ పైకి వెళ్లడమూ, మన్యంనుండి చింతపండూ పసుపూ కిందికి దిగడమూ మనవారి జీవనం. ఆ రాకపోకలన్నీ కొండల నీడలోనే జరిగినవి.

కొండ జారడం అనే ఆపదను మనకంటె ముందుగా శాస్త్రంగా అభ్యసించినవారు మంచుదేశాలవారు. అక్కడ జారేది మంచు, ఇక్కడ జారేది మన్నూ బండలూ. వస్తువు వేరైనా న్యాయం దాదాపు ఒకటే. అందుచేత వారి అనుభవం తెలుసుకొనడం మనకు లాభం.

స్విట్జర్లాండులోని ఆండర్‌మాట్ గ్రామస్థులు 1397లోనే తమ వూరిపైనున్న అడవిని యెవరూ కొట్టరాదని కట్టడి చేసుకొన్నారు. ఆ చెట్లే వారికి ప్రాకారం. 1876లో ఆ దేశప్రభుత్వం కొండల అడవులన్నింటికీ రక్షణచట్టం చేసింది. మన గుడారి ఒరిస్సాలో చేరిన 1936లోనే, దావోస్ పట్టణంపైనున్న కొండమీద కొందరు శాస్త్రజ్ఞులు మంచుపొరలను కోసి పరీక్షించడం ప్రారంభించారు. అయినా 1950–51 చలికాలంలో ఆల్ప్స్ పర్వతాలలో మంచుచరియలు విరుచుకుపడి 250 మందికి పైగా మరణించారు. స్విట్జర్లాండులోనే దాదాపు వందమంది. ఆ దుఃఖంనుండి వారు గట్టి పాఠం నేర్చుకొన్నారు. యే వాలుకింద ఇల్లు కట్టరాదో, యెక్కడ కట్టినా యే జాగ్రత్తలు వుండాలో పటాలు గీసి రంగులు వేశారు. ఎర్రరంగు పడినచోట ఇల్లు కట్టనివ్వరు.

అమెరికాలో యూటా రాష్ట్రపు ఆల్టా కథ మరొక విధం. అది ఒకప్పుడు వెండిగనుల వూరు. గనులకోసం 1870 ప్రాంతాలలో కొండలమీది చెట్లను నరికివేశారు. ఆ బోడికొండలనుండి మంచు జారి పెక్కుమందిని పొట్టనబెట్టుకొన్నది. 1939లో అక్కడ స్కీ ఆట, అనగా పాదాలకు పొడుగాటి బద్దలు తగిలించుకొని మంచుమీద జారే ఆట, మొదలైంది. వినోదానికి వచ్చే వందలాది జనాన్ని కాపాడవలసిన భారం అటవీశాఖమీద పడింది. యుద్ధంనుండి తిరిగివచ్చిన మాంటీ ఆట్‌వాటర్ ఆ ఉద్యోగంలో చేరి, 1949లో ఫిరంగితో మంచువాలులను కొట్టే పద్ధతి ప్రవేశపెట్టాడు. మనుష్యులు లేని వేళ చూచి, జారవలసిన మంచును ముందే జార్చివేయడం దాని సారాంశం.

అసలు మంచు యెందుకు జారుతుంది? అది ఒక్కమారే పడదు. పొరమీద పొరగా పేరుకొంటుంది. నడుమ ఒక పొర పట్టు లేనిదైతే, దానిపై బరువు పెరిగినప్పుడు, 30 నుండి 45 డిగ్రీల వాలుమీద, ఒక్క మనిషి అడుగుకే తెగి కదులుతుంది. అందుకే చరియలో చిక్కినవారిలో అత్యధికులు తాముగాని తమ తోటివారుగాని కదిలించిన దానిలోనే చిక్కుతున్నారు. పూడుకుపోయినవానిని పావుగంటలోగా వెలికితీస్తే బతికే ఆశ బాగా వుంటుంది. ఆపైన అది త్వరత్వరగా సన్నగిల్లుతుంది. కనుక నేడు ఆ విహారస్థలాలలో గస్తీవారు తెల్లవారకముందే కొండయెక్కి, కొత్తమంచును పరీక్షించి, అనుమానమున్న వాలును మందుగుండుతో జార్చి, ఆ తరువాతనే దారి తెరుస్తారు. ఐరోపాలో 1993 నుండి అపాయాన్ని ఐదు మెట్లుగా లెక్కించి ప్రతిరోజూ ప్రకటిస్తున్నారు. తీర్చని వాలులకు వెళ్లేవారు సంకేతాలు పంపే చిన్న యంత్రం, పార, మంచులో గుచ్చి వెతికే కడ్డీ వెంట తీసుకొనిపోతారు.

మన దేశంలో యీ శాస్త్రంకోసం 1969లో మనాలిలో సైన్యానికి తోడుగా ఒక పరిశోధనసంస్థ వెలిసింది. 2020లో దానిని మరొక రక్షణసంస్థతో కలిపారు. ఇంత విజ్ఞానం వున్నా కొండ తన మాట తాను చెల్లించుకొంటుంది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు కూలి మద్రాసు రెజిమెంటు జవానులు పదిమంది బలియైనారు. వారిలో కర్నూలు జిల్లా బిడ్డ ఒకడు వున్నాడు.

ఇక మన మన్యానికి వద్దాం. యీ తూర్పుకనుమలలో పెక్కుచోట్ల వుండే శిలకు శాస్త్రజ్ఞులు ఇక్కడి ఖోండుల పేరుమీదనే ఖోండలైట్ అని పేరుపెట్టారు. అది యేండ్లతరబడి ఎండకూ వానకూ మెత్తబడి దళసరి ఎర్రమన్నుగా మారుతుంది. దట్టమైన వాన రెండుమూడు రోజులు విడవకుండా కురిస్తే ఆ మన్ను నీరు తాగి బరువెక్కి, కిందిరాతిమీద పట్టు తప్పి జారుతుంది. చెట్ల వేళ్లు దానిని కుట్టిపెట్టినట్లు పట్టుకొనివుంటవి. అడవి పోయినచోట ఆ కుట్టు వూడుతుంది. నింద అంతా పోడు కొట్టుకొనే గిరిజనులమీద వేయడం న్యాయం కాదు. కలపకోసమూ రోడ్లకోసమూ గనులకోసమూ కొండను కోసినవారందరికీ అందులో భాగముంది.

1980 సెప్టెంబరులో వంశధారకు వచ్చిన మహావరద గుడారి, గుణుపురం ప్రాంతాలను ముంచెత్తింది. 2017 జూలై 16న రాయగడవద్ద కొండవాగులు పొంగి, తేరుబలి–సింగపూర్ రోడ్ స్టేషనుల నడుమ రైలువంతెనను కొట్టుకొనిపోయినవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాసవద్ద తీరం దాటింది. తీరంలో కొబ్బరీ జీడితోటలూ నేలకూలినవి. వాన మాత్రం అక్కడితో ఆగక కొండలమీదికి నడిచింది. గజపతి జిల్లాలో బరఘర అనే కొండపల్లెవారు కొందరు గాలివానకు జడిసి ఒక పెద్ద బండకింద చేరారు. పైనుండి కొండచరియ విరిగిపడి, పన్నెండుమందికి పైగా ఆ బండకిందనే ప్రాణాలు విడిచారు. ఆ పల్లె వున్న సమితి పేరుకూడా రాయగడయే. మన రాయగడ జిల్లాతో కలిపి పొరబడరాదు.

యీ సంగతి మనం బాగా ఆలోచించవలసినది. 1999 పెనుతుఫానులో సుమారు పదివేలమంది చనిపోయిన తరువాత ఒరిస్సా ప్రభుత్వం తీరమంతా ఆశ్రయభవనాలు కట్టి, ముందస్తు హెచ్చరికలు యేర్పరచి, 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు లక్షలాదిమందిని కదిలించి కాపాడింది. ఆల్ప్స్‌వారు 1951 తరువాత నేర్చినట్లే తీరంవారు నేర్చారు. కాని తీరపు హెచ్చరిక గాలిని గురించీ సముద్రాన్ని గురించీ చెబుతుంది. కొండపల్లెవానికి కావలసిన మాట వేరు. సముద్రం వస్తే మెరకకు పొమ్మనడం సరియే. కొండకింద వున్నవాడు యెటు పోవాలి? బండ నీడ గాలినుండి కాపాడవచ్చును. జారే మన్నునుండి కాపాడదు. బరఘరవారు అజాగ్రత్తవల్ల పోలేదు. తమ కొండకు తగిన హెచ్చరిక అందక పోయారు.

తగిన పద్ధతి అసాధ్యమేమీ కాదు. మన రైలుదారులే సాక్ష్యం. 1960 దశకంలో బైలదిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస–కిరండోల్ దారి కట్టినప్పుడు, అనంతగిరి, కోరాపుట్టు కొండలను పదులకొద్దీ సొరంగాలతో తొలిచారు. ఆ దారిలో చరియలు విరగడం కొత్త కాదు. 2023 సెప్టెంబరులో మానబార్–జరటి స్టేషనుల నడుమ పడ్డ చరియ బండ్ల రాకపోకలను ఆపింది. అందుకే వానాకాలంలో రైల్వేవారు గస్తీమనుషులను దారివెంట నడిపిస్తారు. బండ్ల వేగం తగ్గిస్తారు, అనుమానముంటే దారి మూస్తారు. ఆల్టా గస్తీవారు చేసేదీ ఇదే. రైలుకు చేసిన యేర్పాటు పల్లెకు యెందుకు చేయరాదు?

భూవిజ్ఞానశాఖవారు 2014 నుండి దేశమంతా కొండచరియల పటాలు తయారుచేశారు. 2024 జూలైలో కలకత్తాలో హెచ్చరికకేంద్రం ప్రారంభించారు. ఆ పటమూ ఆ హెచ్చరికా కువి, సవర, ఒరియా, తెలుగు మాటలలో పల్లెదాకా దిగవలసివుంది. మన సంఘాలు ఇందులో సాయపడవచ్చును. ఒరియా చదివి తెలుగు మాట్లాడేవారు, సంతకు వచ్చే గిరిజనుల భాష తెలిసినవారు మన ఇళ్లలోనే వున్నారు. గుడారి సంతలో ఒక చాటింపు కాగితంకంటె యెక్కువ పనిచేస్తుంది.

చాటవలసిన మాటలు కొద్దే. నేలమీద కొత్త బీటలు కనబడినా, చెట్లు వాలినా, ఊటనీరు బురదగా మారినా, జోరువానలో పారే గెడ్డ వున్నట్టుండి సన్నబడినా కొండకింద నిలువరాదు. గెడ్డ సన్నబడిందంటే పైన మన్ను అడ్డుకట్ట వేసిందన్నమాట. అది తెగితే పరుగుకు వ్యవధి వుండదు. గెడ్డవాటుననూ బండకిందనూ తలదాచుకొనక, వాలుకు దూరంగా వున్న గట్టినేలకు, వెలుగుండగానే వెళ్లాలి. పిల్లలకు యీ నాలుగు మాటలూ ఎక్కాలతోబాటు నేర్పాలి.

పంచాంగంలో పర్వతాల వంతు యెన్ని భాగాలో సిద్ధాంతిగారు చెబుతారు. ఆ వంతు యే వాలుమీద పడుతుందో, దానికింద యెవరి ఇల్లు వుందో తెలుసుకొనడం మన పని. యీ నూతనసంవత్సరంలో మన కొండలు చల్లగా వుండి, వాటికింద వున్న అన్ని జాతులవారూ సుఖంగా వుందురుగాక.