ఆపిల్ పెట్టె చెక్కలో కొత్తపేట చరిత్ర

చరిత్ర అనగానే మనకి గోల్కొండ, చార్మినార్ గుర్తొస్తాయి. ఆపిల్ పండ్లొచ్చే చెక్కపెట్టెకి కూడా ఓ చరిత్ర ఉందంటే నవ్వుతారేమో! దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వైపు రోజూ వెళ్ళొచ్చే మన ఐటీ జనాలకి ఆ సంగతి కాస్త చెప్దామనే ఈ టపా.

ముందు ఆ పెట్టె ఎక్కడికి వచ్చేదో చూద్దాం. ఏడవ నిజాం హయాంలో, 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ దగ్గరే చాలాకాలం నగరానికి పండ్ల వ్యాపారం నడిచింది. ఊరు పెరిగింది, లారీలు పెరిగాయి, చోటు చాల్లేదు. 1986లో హోల్‌సేల్ మార్కెట్‌ని కొత్తపేటకి తెచ్చారు. కాగితాల మీద గడ్డిఅన్నారం మార్కెట్, జనం నోట్లో మాత్రం కొత్తపేట పండ్ల మార్కెట్టే. సుమారు 22 ఎకరాలు. ముప్ఫై అయిదేళ్ళు నడిచి 2021లో ఖాళీ అయింది, వ్యాపారం బాటసింగారం పోయింది. 2022 మార్చిలో షెడ్లు కూల్చారు. ఏప్రిల్లో అక్కడే టిమ్స్ ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది.

ఆస్పత్రి కావాల్సిందే, దాంతో నాకు పేచీ లేదు. కానీ మొజంజాహీ మార్కెట్ రాతికట్టడం కాబట్టి నిలిచింది, 2020లో బాగుచేసి మళ్ళీ తెరిచారు. రేకుల షెడ్లకి ఆ యోగం ఎక్కడిది? కొత్తపేట మార్కెట్‌ని గుర్తుపెట్టుకోవడానికి మనదగ్గర ఏముంది? నాకు తోచిన జవాబు.. ఆ చెక్కపెట్టె.

ఇక అది ఎక్కడినుంచి వచ్చేదంటారా? హిమాచల్‌లో ఒకప్పుడు ఫర్, స్ప్రూస్ చెట్లు కొట్టి ఆపిల్ పెట్టెలు చేసేవారు. అడవి తరిగిపోతోందని 1980ల నుంచి అట్టపెట్టెలకి మళ్ళారు. కాశ్మీర్ మాత్రం పాప్లర్ చెక్క పట్టుకుంది. 1982లో ప్రపంచబ్యాంకు సాయంతో మొదలైన సామాజిక అటవీ పథకంలో 'రష్యన్ పాప్లర్' అని ఊరూరా నాటారు. పది పదిహేనేళ్ళకే కోతకొస్తుంది. తమాషా ఏంటంటే అది అసలు రష్యా చెట్టే కాదు, అమెరికా జాతి! పేరు రష్యాది, పుట్టుక అమెరికాది, పెంపకం కాశ్మీర్‌ది, చివరికి చేరింది కొత్తపేటకి. మన హెచ్1బీ వాళ్ళకంటే ఎక్కువే తిరిగింది :)

కిందటేడు నా సహోద్యోగి ఒకాయన గృహప్రవేశానికి వీటితోనే గోడకి తగిలించే బొమ్మ ఒకటి చేశాను. వాళ్ళ నాన్నగారు ఆ మార్కెట్లో ఓ కమీషన్ కొట్టులో లెక్కలు రాసేవారు. పండ్లబండాయన్ని నాలుగు ఖాళీ పెట్టెలు అడిగితే, "గీటితోని ఏం జేస్తవ్ సార్, పొయ్యిల పెట్టుకుంటవా?" అన్నాడు. గోడకి పెడతానంటే వింతగా చూశాడు.

పని పెద్దదేం కాదు. మేకులు నెమ్మదిగా పీకాలి, చెక్క పల్చన కాబట్టి లాగితే చీలిపోతుంది. రెండ్రోజులు ఎండలో పెట్టి, అంచులకి మాత్రం గరుకు కాగితం పట్టి, ప్లైవుడ్ మీద ఫెవికాల్‌తో వరసగా అతికించాను. ముఖాన ఉన్న అచ్చు అక్షరాలు, తోట మార్కు, చాక్‌పీస్ అంకెలు అలాగే వదిలేశాను.

న్యూయార్క్‌లో లూయీస్ నెవెల్సన్ అనే శిల్పి వీధుల్లో పారేసిన చెక్కలు ఏరుకొచ్చి గోడంత శిల్పాలు చేసింది. 1958 నాటి 'స్కై కెథెడ్రల్' చాలా పేరున్నది. ఆవిడ ఎక్కువగా అన్నిటికీ ఒకే నలుపు పూసేది, చెక్క పాత బతుకు మరుగున పడి ఆకారం మిగిలేది. మన కొండపల్లి వాళ్ళు రంపపు పొట్టుని కూడా పారెయ్యరు, చింతగింజల పిండితో కలిపి మక్కు చేసి బొమ్మ అతుకులకి వాడతారు. అక్కడా పైన రంగు పడ్డాక చెక్క కనబడదు. రెండూ గొప్ప పనులే. కానీ నాకు కావాల్సింది ఆకారం కాదు, రాత. పాత కోడ్‌లో ఎవరో రాసిపెట్టిన కామెంట్లు చెరిపేస్తే ప్రోగ్రాం నడుస్తుంది, ఎందుకలా రాశారో మాత్రం ఎప్పటికీ తెలీదు. ఇదీ అంతే.

ఆ పెద్దాయన బొమ్మని మెచ్చుకోలేదు. దగ్గరకొచ్చి వేలితో అక్షరాలు తడిమి, "ఈ అంకె చూశావా బాబూ, పండు సైజుది. పై వరస ఒక రకం, కింద ఒక రకం పెట్టి పంపేవాళ్ళు. అడుగుదాకా తీసి చూడందే పాట మొదలెట్టేవాళ్ళం కాదు" అని గంటసేపు మార్కెట్ కబుర్లు చెప్పారు. కొడుక్కి అవి అప్పటిదాకా తెలీవట!

ఒక జాగ్రత్త. ఆఫీసుకి సర్వర్లు దిగిన ప్యాలెట్ చెక్క వాడాలనుకుంటే దాని మీద ముద్ర చూడండి. 2002లో వచ్చిన అంతర్జాతీయ నిబంధన ప్రకారం 'హెచ్‌టీ' అంటే వేడిచేసి పురుగు చంపింది, ఫరవాలేదు. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించింది, ఇంట్లోకి వద్దు.

ఇప్పుడు ప్లాస్టిక్ క్రేట్లు, అట్టపెట్టెలు ఎక్కువయ్యాయి. చెక్కపెట్టె కనబడితే అడిగి తెచ్చుకోండి. ముందు దానిమీద రాసింది చదవండి, సుత్తి ఆ తర్వాత తీద్దురుగాని.