మంచె, వడిసెల, తుపాకి: భైంసా ప్రాంతంలో పంటకావలి, హానికర జంతువుల వేట – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పంటను పాడుచేసే అడవిజంతువులను రైతు ఎదుర్కొన్న తీరును భైంసా ప్రాంతం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘హానికర జంతువు’ అనే భావన ప్రకృతి సిద్ధమైనది కాదనీ, కాలానుగుణంగా పాలకులు, చట్టాలు నిర్మించినదనీ, ఆ నిర్వచనం రైతు అనుభవంతో సరిపోలిన సందర్భాలు తక్కువనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పంటకావలి, మంచె, వడిసెల, హానికర జంతువు, అడవిపంది, యాసంగి, భైంసా.

1. ఉపోద్ఘాతం:
నిర్మల్ జిల్లా పడమటి అంచున, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న భైంసా నల్లరేగడి నేలల ప్రాంతం. నిజాం పాలనలో ఇది నాందేడ్ జిల్లా ముధోల్ తాలూకాలో భాగం. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లో చేరి ఆదిలాబాద్ జిల్లాలో కలిశాయి. 2016లో జరిగిన జిల్లాల విభజనతో నిర్మల్ జిల్లా పరిధిలోకి వచ్చాయి. పాలనా సరిహద్దులు ఇన్నిసార్లు మారినా ఇక్కడి రైతుకు మారని సమస్య ఒకటుంది. మాఘ, ఫాల్గుణ మాసాల్లో అడవి ఆకు రాలుస్తుంది, వాగులు సన్నబడతాయి. అదే సమయానికి చేలలో యాసంగి జొన్న గింజ గట్టిపడుతుంది, శనగ కాయ నిండుతుంది. అడవిలో మేత, నీరు తగ్గిన వేళ ఊరి చేను అడవిపందికి ఆహారమవుతుంది. శిశిరం ముగిసి వసంతం ప్రవేశించే ఈ కొద్ది వారాలే రైతుకు అత్యంత కీలకమైనవి.

ఇదే రుతువులో అమెరికా పశ్చిమ మైదానాల్లో బొరియల నుంచి బయటికి వచ్చే నేల ఉడుతలను, ప్రెయిరీ డాగ్‌లను వందల గజాల దూరం నుంచి రైఫిళ్లతో కాల్చే అలవాటు ఉంది. అక్కడ అది పశుక్షేత్రాల రక్షణతో పాటు గురి పరీక్షించుకునే క్రీడ కూడా. భైంసా రైతుకు ఆ దూరం, ఆ ఆయుధం, ఆ క్రీడాభావం మూడూ అందుబాటులో లేవు. ఎందుకు లేవన్నది చారిత్రకంగా పరిశీలించవలసిన ప్రశ్న.

2. మంచె, వడిసెల – తరిమే సంస్కృతి:
పొలం నడుమ నాలుగు గుంజలు పాతి, పైన కట్టెలు పరిచి కట్టే మంచె పంటకావలికి కేంద్రం. మంచెపై ఉన్న కావలివాని ఆయుధం వడిసెల. రెండు తాళ్ల మధ్య అల్లిన చిన్న సంచిలో రాయి ఉంచి, తల చుట్టూ తిప్పి, ఒక తాటి కొసను వదిలితే రాయి నూరు గజాలకు పైగా వెళుతుంది. మరాఠీ రైతు ‘గోఫణ్’ అనేది దీనినే. రెండు భాషల కూడలి అయిన భైంసాలో ఒకే పనిముట్టుకు ఈ రెండు పేర్లు ఉండటం సహజం. తెలంగాణ సాయుధ పోరాటంలో రజాకార్లను ఎదుర్కొన్న పల్లెప్రజల చేతిలో కనిపించిన వడిసెల పుట్టింది చేను కాపలాలోనే.

చేలకు కాపలా ఉండే స్త్రీలు శాతవాహన యుగంతో ముడిపడిన ‘గాథాసప్తశతి’ ప్రాకృత గాథల్లోనే దర్శనమిస్తారు. తెలుగు ప్రబంధాల్లో మాత్రం వేట ప్రధానంగా నాయకుని పరాక్రమ ప్రదర్శన. ‘మనుచరిత్ర’లో స్వరోచి వేటకు కథాగమనంలో పెద్ద స్థానం ఉంది. ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం’లో తిన్నని వేట భక్తికి దారి తీస్తుంది. వేటగాణ్ణి విస్తారంగా వర్ణించిన కావ్యసంప్రదాయం రాత్రంతా మేలుకొనే కావలివానికి అంతటి స్థానం ఇవ్వలేదు. ఈ రెండింటి మధ్య భేదం స్పష్టం. వేట ప్రాణం తీయడంతో పూర్తవుతుంది. కావలి జంతువును చేను దాటించడంతో పూర్తవుతుంది. డప్పు, మంట, కేక, బెదురుబొమ్మ, వడిసెల అన్నీ ప్రధానంగా తరిమే సాధనాలే.

అలాగని పల్లెల్లో వేట లేదనలేము. విశాఖ మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగకు పురుషులు సామూహికంగా వేటకు వెళ్లే ఆచారం ఉంది. గోదావరి లోయలోని కోయల భూమి పండుగలోనూ వేటకు స్థానముంది. ఇవి విత్తు చల్లే ముందు జరిపే క్రతువులు. వీటిలో జంతువు శత్రువు కాదు, పండుగలో భాగం.

3. పాలకుల దృష్టిలో హానికర జంతువు:
బ్రిటిష్ ఇండియాలో ప్రభుత్వం బహుమతులిచ్చి చంపించినవి ప్రధానంగా మాంసాహార జంతువులు. 1875–1925 మధ్య యాభై ఏళ్లలో 80,000కు పైగా పులులు, 1,50,000కు పైగా చిరుతలు, 2,00,000 తోడేళ్లు ఈ విధంగా హతమైనట్లు పర్యావరణ చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ ప్రభుత్వ లెక్కల ఆధారంగా చూపారు. హైదరాబాద్ సంస్థానంలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పులివేటకు పేరుపొందారు. హైదరాబాద్ రాజ్యంలోనూ, ఇరుగుపొరుగు బ్రిటిష్ ప్రాంతాల్లోనూ పులి వేటగాని ప్రతిష్ఠకు కొలమానమైంది. అడవిపందిని గుర్రంపై నుంచి ఈటెతో పొడవడాన్ని గొప్ప క్రీడగా భావించిన ఆంగ్ల అధికారులు, ఆ క్రీడ సాగే చోట పందిని తుపాకితో కాల్చడాన్ని అమర్యాదగా చూసేవారు.

రైతుకు పంటనష్టం కలిగించేది పంది. ఆ పందిని తినేవి పులి, చిరుత, రేచుకుక్క. పాలకులు హానికరమని చంపించినవి రైతుకు పరోక్షంగా కాపలాదారులు. ఈ వైరుధ్యమే నేటి సమస్యకు ఒక మూలం. అడవుల నరికివేత, అడవి అంచు దాకా విస్తరించిన సాగు, మొక్కజొన్న వంటి పంటల వ్యాప్తి దీనికి తోడయ్యాయి.

4. చట్టం కొలిచిన దూరం:
స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1959 ఆయుధాల చట్టం పంటరక్షణను లైసెన్సుకు తగిన కారణంగా గుర్తించింది. అయితే అందుకు ప్రధానంగా పేర్కొన్నది గొట్టం మూతి నుంచి మందుగుండు కూరే తుపాకిని. అది చాలదని అధికారి భావిస్తే మరో నున్నని గొట్టపు తుపాకికి అనుమతి ఇవ్వవచ్చు. అటువంటి నాటు తుపాకి గురి కొద్ది పదుల గజాలకు మించి నిలవదు. మరచుట్ల గొట్టంతో దూరపు గురి నిలిపే రైఫిల్ ఈ నిబంధన పరిధిలోకి రాలేదు. అంటే రైతుకు చట్టం తుపాకిని ఇచ్చింది కాని దూరాన్ని ఇవ్వలేదు. దూరం విషయంలో ఆ తుపాకి వడిసెలను మించలేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను సాధారణంగా నిషేధించింది. పొలంలో నిలిచిన పంటతో సహా ఆస్తికి ప్రమాదకరంగా మారిన కొన్ని జంతువుల వేటకు 11వ సెక్షన్ కింద అధికారులు అనుమతించవచ్చు. 62వ సెక్షన్ కింద కేంద్రం ఒక ప్రాంతంలో, ఒక కాలపరిమితికి ఒక జంతువును హానికరమైనదిగా ప్రకటించవచ్చు. 2015 డిసెంబరులో బీహార్‌లోని కొన్ని జిల్లాల్లో మనుబోతును, అడవిపందిని ఇలాగే ప్రకటించారు. 2016లో అక్కడి మొకామా ప్రాంతంలో రెండు వందలకు పైగా మనుబోతులను కాల్చడానికి వెళ్లినవారు హైదరాబాద్ వేటగాళ్లే. ఆ చర్యపై కేంద్ర మంత్రుల మధ్యనే బహిరంగ వివాదం చెలరేగింది. కాకి, ఎలుక, గబ్బిలం వంటి వాటిని హానికర జీవులుగా జాబితా చేసిన ఐదో షెడ్యూలును 2022 సవరణ తొలగించింది. 62వ సెక్షన్ అధికారం మాత్రం మిగిలింది.

5. తీగ – దూరం లేని వేట:
నేడు ఉత్తర తెలంగాణలో మంచెలు అరుదవుతున్నాయి. రాత్రి కావలికి మనుషులు దొరకని చోట కొందరు పొలం చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు. వడిసెల విసిరేవాడు తాను దేనిని కొడుతున్నాడో చూస్తాడు. తీగకు ఆ చూపు లేదు. అది పందిని, పశువును, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చిన రైతును ఒకేలా చంపుతుంది. 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటితమైన కవ్వాల్ పరిసరాల్లో పందికి పెట్టిన తీగలకు పులులు బలైన ఘటనలూ ఉన్నాయి. పందిని అదుపు చేసే జంతువే పంది కోసం పెట్టిన తీగకు చనిపోవడం గత శతాబ్దపు వైరుధ్యానికి కొనసాగింపు.

కోతుల విషయంలో రాష్ట్రం మరో మార్గం ఎంచుకుంది. 2020లో నిర్మల్ సమీపంలోని చించోలి వద్ద కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం ప్రారంభమైంది. పట్టుకొని సంతాన నియంత్రణ శస్త్రచికిత్స చేసి తిరిగి వదలడం దీని పద్ధతి. ఒక ఈతలో అనేక పిల్లలను కనే అడవిపందికి ఈ పద్ధతిని వర్తింపజేయడం సులభం కాదు.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ‘హానికరం’ అనేది జంతువు స్వభావం కాదు, నిర్ణయించేవారి ప్రయోజనం. రెండవది, రైతు సంప్రదాయంలో ప్రధానమైనది చంపడం కాదు, తరమడం. మూడవది, చట్టం జంతువు స్థాయిని షెడ్యూళ్లలో కొలిచినంతగా పంట కాలాన్ని కొలవలేదు. గింజ గట్టిపడటానికి, కోతకు మధ్య గడువు వారాల్లోనే ఉంటుంది. అనుమతి గాని పరిహారం గాని ఆ గడువును గుర్తించకపోతే రైతు తీగ వైపే మళ్లుతాడు.

మంచె కట్టడం, వడిసెల అల్లడం, రాత్రికావలి పాటలు, అడుగుజాడలు గుర్తుపట్టే పదజాలం తెలిసిన తరం వృద్ధాప్యంలో ఉంది. తెలుగు, మరాఠీ, గోండి భాషలు కలిసే ఈ ప్రాంతంలో ఆ జ్ఞానాన్ని సేకరించడం భాషాసాహిత్య పరిశోధకుల తక్షణ బాధ్యత. అది కేవలం జానపద సంపద కాదు. ప్రాణం తీయకుండా పంట కాపాడుకున్న అనుభవానికి మనకు మిగిలిన సాక్ష్యం.