వేసవి ఇంట్లో పుట్టిన పాతపాటల రికార్డు

1969 వేసవిలో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం ఒక కఠినమైన నిర్ణయం తీసుకుంది. అప్పటిదాకా కచేరీల్లో వాయిస్తూ వచ్చిన పాటల్ని ఇక పక్కన పెట్టెయ్యాలని. ఆ పాటలకు డ్రమ్స్ వాయించిన మార్టిన్ లాంబుల్ ఇక లేడు. అతని వయసు 19 ఏళ్లు. మే 12న బర్మింగ్‌హామ్‌లోని మదర్స్ క్లబ్బులో కచేరీ ముగించుకుని, రాత్రికి రాత్రే లండన్ బయల్దేరి వస్తుంటే ఎం1 రహదారి మీద వాళ్ల వ్యాను అదుపు తప్పింది. లాంబుల్‌తో పాటు, గిటారిస్టు రిచర్డ్ థాంప్సన్ ప్రేమించిన అమ్మాయి జీనీ ఫ్రాంక్లిన్ కూడా చనిపోయింది. మిగిలినవాళ్లకి గాయాలయ్యాయి. గాయకురాలు శాండీ డెన్నీ ఆ రాత్రి ఆ బండిలో రాలేదు కాబట్టి బయటపడింది.

బృందాన్ని మూసేద్దామా అన్న మాట వచ్చింది. మూసెయ్యలేదు. కానీ లాంబుల్ వాయించిన పాటలు వేరొకరి చేత వాయించుకోవడం వాళ్ల వల్ల కాలేదు. మరి ఏం వాయించాలి? ఈ ప్రశ్నకు వాళ్లు వెతుక్కున్న జవాబే 'లీజ్ అండ్ లీఫ్' రికార్డు. ఇంగ్లండులో ఫోక్ రాక్ అనగానే అభిమానులు ముందుగా చెప్పే పేరు ఇదే. దీని వెనకాల ఇంత దుఃఖం ఉందని తెలియకుండానే ఏళ్ల తరబడి వింటున్నవాళ్లు చాలామంది ఉంటారు. తెలిశాక విన్నప్పుడు మాత్రం అందులోని ప్రతి చావూ మరోలా వినిపిస్తుంది.

1967లో ఉత్తర లండన్‌లోని మజ్వెల్ హిల్ కుర్రాళ్లు కొందరు పెట్టుకున్న బృందమిది. రిహార్సళ్లు చేసుకున్న ఇంటి పేరు ఫెయిర్‌పోర్ట్, బృందం పేరు అక్కణ్ణించి వచ్చింది. మొదట్లో వాళ్లు పాడినవి ఎక్కువగా అమెరికా నుంచి వచ్చిన పాటలే, బాబ్ డిలాన్‌వీ, జోనీ మిచెల్‌వీ. 1968లో 'ద బ్యాండ్' అనే బృందం 'మ్యూజిక్ ఫ్రమ్ బిగ్ పింక్' రికార్డు విడుదల చేసింది. ఆ రికార్డు విన్నాక, తమ నేల పాటని తాము ఇంత లోతుగా తవ్వుకున్నవాళ్లతో ఇంగ్లండులో కూర్చుని పోటీపడడం వృథా అని ఫెయిర్‌పోర్ట్ వాళ్లకి అర్థమైంది. అయితే మన నేలలో ఏముంది? ఈ ఆలోచన ప్రమాదానికి ముందే వాళ్ల మనసుల్లో పడింది.

శాండీ డెన్నీ 1968లో చేరింది. ఫోక్ క్లబ్బుల్లో పాడుతూ పెరిగిన గొంతు ఆమెది. 'ఎ సైలర్స్ లైఫ్' అనే పాత పాటని ఆమె ఓ కచేరీకి ముందు డ్రెస్సింగ్ రూములో పాడుకుంటుంటే మిగిలినవాళ్లు వాద్యాలు అందుకున్నారు. ఆ పాటే 'అన్‌హాఫ్‌బ్రికింగ్' రికార్డులో 11 నిమిషాల పైచిలుకు సాగుతుంది. ఒక్క టేకులో పూర్తయింది. వయొలిన్ కోసం అతిథిగా పిలిచిన మనిషి డేవ్ స్వార్‌బ్రిక్. ఇంగ్లండు ఫోక్ లోకంలో అతను అప్పటికే పెద్దపేరు. గాయకుడు మార్టిన్ కార్తీకి జోడీగా ఊరూరా తిరిగి వాయించినవాడు. ఎక్కడెక్కడి వరసలో అతని వేళ్ల కొసన ఉండేవి. ప్రమాదం తర్వాత ఆ అతిథి బృందంలో మనిషైపోయాడు. అందరికంటే పెద్దవాడు, 28 ఏళ్లు. లాంబుల్ స్థానంలోకి డేవ్ మాటక్స్ వచ్చాడు. డాన్స్ బ్యాండుల్లో డ్రమ్స్ వాయించినవాడు, జానపదం సంగతి అతనికి పెద్దగా తెలీదు. నా దృష్టిలో ఈ రికార్డుకి కలిసొచ్చిన అదృష్టాల్లో ఇదొకటి. ఇలాంటి పాటకి డ్రమ్స్ ఇలాగే ఉండాలన్న అలవాటేదీ లేని మనిషి కాబట్టి, పాట ఏం అడుగుతోందో విని అంతే వాయించాడు.

హాంప్‌షైర్‌లో వించెస్టర్‌కి దగ్గర్లో ఫార్లీ చాంబర్లేన్ అనే చిన్న పల్లె ఉంది. నిర్మాత జో బాయిడ్ వాళ్లకి అక్కడ ఒక పెద్ద ఇల్లు అద్దెకి ఏర్పాటు చేశాడు. కోలుకోవడానికి, కలిసి ఉండడానికి, సాధన చేయడానికి ఒకే చోటు. ఆ వేసవంతా ఆరుగురూ అక్కడే. గాయాలు ఇంకా మానలేదు. బృంద సభ్యుడు సైమన్ నికోల్‌కి ఇంకా 19 కూడా నిండలేదు.

బేస్ గిటారిస్టు ఆష్లీ హచింగ్స్ దారి మాత్రం మధ్యమధ్యలో లండన్ వైపు సాగేది. రీజెంట్స్ పార్క్ దగ్గర సెసిల్ షార్ప్ హౌస్ ఉంది, అక్కడి గ్రంథాలయంలో ఇంగ్లండు పల్లెపాటల సేకరణలు ఉన్నాయి. సెసిల్ షార్ప్ 20వ శతాబ్దం మొదట్లో సైకిలెక్కి పల్లెలు తిరిగి, ముసలివాళ్ల నోట పాటలు విని రాసుకున్న సంగీతోపాధ్యాయుడు. అంతకు ముందే ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అనే అమెరికన్ ఆచార్యుడు ఇంగ్లండు, స్కాట్లండు కథాగేయాలని పాఠాంతరాలతో సహా పోగేసి 305 సంఖ్యలుగా అచ్చు వేయించాడు. హచింగ్స్ ఈ పుటల్లో మునిగిపోయాడు. తను చదివినవి ఇంటికి తెచ్చేవాడు, స్వార్‌బ్రిక్ తనకు నోటికి వచ్చినవి కలిపేవాడు, శాండీ వాటికి గొంతు ఇచ్చేది. పుస్తకం, జ్ఞాపకం, గొంతు ఇలా ఒకే ఇంట్లో చేరడం వల్లే రికార్డు అంత త్వరగా తయారైంది.

'మాటీ గ్రోవ్స్' సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చైల్డ్ సంపుటిలో అది 81వది. 17వ శతాబ్దం తొలి ఏళ్లలో వచ్చిన ఒక ఇంగ్లీషు నాటకంలోనే దాని పంక్తులు కనిపిస్తాయి కాబట్టి అంతకంటే పాతదే. పండగపూట చర్చిలో ఒక ప్రభువు భార్య మాటీ అనే మామూలు కుర్రాణ్ణి చూసి ఇంటికి రమ్మంటుంది. నౌకరు పరిగెత్తుకెళ్లి ప్రభువుకి చెబుతాడు. ప్రభువు వచ్చి మంచం పక్కన నిలబడి, ఒంటిమీద బట్టల్లేనివాణ్ణి చంపానన్న పేరు తనకొద్దని కుర్రాడి చేతికి మంచి కత్తి ఇచ్చి మరీ చంపుతాడు. నువ్వెవర్ని కోరుకుంటావని భార్యని అడుగుతాడు. చచ్చిన మాటీ ముద్దే నాకు ఎక్కువ అంటుందామె. ఆమెనీ చంపి, ఇద్దర్నీ ఒకే గోతిలో పూడ్చమంటాడు, గొప్ప వంశం గనక ఆమెని పైన పెట్టమంటాడు. కులీనుల దర్పం చావులో కూడా ఎలా ఉంటుందో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది.

ఈ కథని ఫెయిర్‌పోర్ట్ వాళ్లు పాడిన వరస 'షేడీ గ్రోవ్' అనే అప్పలాచియన్ కొండల పాటకి దగ్గరిది, అంటే అమెరికాది. ఇంగ్లీషు పాటల కోసం అమెరికా అనుకరణ వదిలేసినవాళ్లు అమెరికా వరసే వాడడమేమిటి అనిపించవచ్చు. కానీ ఆ కొండలకి ఇంగ్లండు, స్కాట్లండుల నుంచి వలస పోయినవాళ్లు తమ పాటలు కూడా వెంట తీసుకెళ్లారు. 1916 నుంచి 1918 మధ్య సెసిల్ షార్ప్ స్వయంగా అక్కడికి వెళ్లి అవే కథాగేయాలు అక్కడివాళ్ల నోట విని రాసుకొచ్చాడు. సముద్రం దాటిపోయిన వరస సొంత కథ దగ్గరికి తిరిగొచ్చింది, నాకు తోచినంతలో ఇదే దీనికి సరైన లెక్క. కథ అయిపోయాక గిటారూ వయొలినూ ఒకదాన్నొకటి తరుముకుంటూ సగం పాట నడుస్తుంది. అంతదాకా శాండీ గొంతు ఏడవదు, తీర్పు చెప్పదు, జరిగింది జరిగినట్టు చెప్పుకుపోతుంది. కథాగేయం పాడే పద్ధతి అదే.

'టామ్ లిన్' స్కాట్లండుది, చైల్డ్ సంఖ్య 39. మాయలోకపు రాణి చేతిలో బందీగా ఉన్న ప్రియుణ్ణి జానెట్ అనే గర్భిణి హాలోవీన్ రాత్రి గుర్రం మీంచి లాగి పట్టుకుంటుంది. అతను చేతుల్లో భయంకరమైన రూపాలు మారుతున్నా వదలదు. ఆ పట్టు మొత్తం సంగీతంలో ఉంది. చరణానికీ చరణానికీ మధ్య వాద్యాలన్నీ కలిసి వేసే దెబ్బ వింటే ఆ పిల్ల చేతులు బిగుస్తున్నట్టే ఉంటుంది. ఆధునిక వాద్యాలు పాత పాటకి అలంకారంగా కాక కథకి అవసరంగా వచ్చాయని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

మొత్తం ఎనిమిది పాటల్లో మూడు వాళ్లు కొత్తగా రాసినవి. థాంప్సన్ రాసిన 'ఫేర్‌వెల్ ఫేర్‌వెల్' పాత కథాగేయం వరస మీద నడుస్తుంది. 'క్రేజీ మ్యాన్ మైకేల్'కి మాటలు అతనివి, వరస స్వార్‌బ్రిక్‌ది. ఒక పక్షి మీద కోపంతో దాన్ని చంపినవాడు, చనిపోయింది తను ప్రేమించిన మనిషేనని తెలుసుకుంటాడు. 20 ఏళ్ల వయసులో, జీనీ పోయిన కొన్ని నెలలకే ఇది రాశాడతను. పాత కథల భాష దొరక్కపోతే ఆ దుఃఖాన్ని అతను నోరు విప్పి చెప్పగలిగేవాడు కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సెప్టెంబరు 24న లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో ఈ పాటలు పాడారు. అదే వేదిక మీద వాళ్లకు ముందు నిక్ డ్రేక్ పాడాడు. అక్టోబరు, నవంబరుల్లో చెల్సీలోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో, జాన్ వుడ్ ఇంజనీరుగా రికార్డింగు. డిసెంబరులో ఐలండ్ రికార్డ్స్ విడుదల చేసింది. బ్రిటన్ ఆల్బమ్‌ల జాబితాలో 17వ స్థానం దాకా వెళ్లింది. అట్ట లోపల చైల్డ్, షార్ప్‌ల గురించి, పల్లె ఆచారాల గురించి బొమ్మలతో సహా వేశారు, ఎవరి సొమ్ము పాడుతున్నామో ఒప్పుకున్నట్టు.

రికార్డు దుకాణాలకు చేరేలోగానే బృందం చీలిపోయింది. తన సొంత పాటలు పాడుకోవాలని శాండీ వెళ్లిపోయింది. పాత పాటల్లోకి ఇంకా లోతుగా వెళ్లాలని హచింగ్స్ వెళ్లిపోయి స్టీలై స్పాన్ బృందం పెట్టాడు. ఇద్దరూ ఎదురెదురు దిక్కులకి లాగారు, ఆ రెండు లాగుళ్లూ సమానంగా ఉన్న కొద్ది నెలల్లో ఈ రికార్డు తయారైంది. శాండీ 1971లో లెడ్ జెప్పెలిన్‌తో ఒక పాట పాడింది, 1978లో 31 ఏళ్లకే చనిపోయింది.

అభిమానులు మాత్రం వదల్లేదు. 2006లో బీబీసీ రేడియో 2 శ్రోతలు దీన్ని ఎప్పటికీ అత్యంత ప్రభావం చూపిన ఫోక్ ఆల్బమ్‌గా ఎన్నుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని క్రాప్రెడీ పల్లె పొలాల్లో ఆగస్టులో ఫెయిర్‌పోర్ట్ ఉత్సవం జరుగుతుంది. 2007లో, బృందానికి 40 ఏళ్లు నిండినప్పుడు, అప్పటి ఐదుగురూ అక్కడ కలిసి రికార్డు మొత్తాన్నీ మొదటి పాట నుంచి చివరిదాకా వాయించారు. శాండీ పాటలు క్రిస్ వైల్ పాడింది.

ఇంతవరకు వినని వాళ్లకి ఒక్క మాట. ముందు 'మాటీ గ్రోవ్స్', 'టామ్ లిన్' కథలు చదవండి, తర్వాత రికార్డు పెట్టుకోండి. పాటల వరస మార్చకుండా ఒకే బిగిని వినండి, 'క్రేజీ మ్యాన్ మైకేల్' చివర్లోనే రావాలి.