పటప్రదర్శనమును బాలశిక్షయు

పాణినీయము తృతీయాధ్యాయమున ప్రేరణార్థమునందు ప్రత్యయమును విధించు సూత్రమునకు (3-1-26) భాష్యము రచించుచు పతంజలి యొక శంక నెత్తెను. కంసుడు చచ్చియు, బలి బంధింపబడియు చిరకాలమైనది. అట్టిచో కథకుడు కంసుని చంపించుచున్నాడనియు, బలిని కట్టించుచున్నాడనియు వర్తమానక్రియ నెట్లు ప్రయోగింపవచ్చును? దీనికి సమాధానముగా నాతడు మూడు తెఱగులను చూపెను. శౌభికులు చూచువారి కన్నులయెదుటనే చంపింతురు. చిత్రములయందును ఎత్తిన దెబ్బలును పడిన దెబ్బలును కనబడుచునే యుండును. గ్రంథికులకు మాట యొక్కటియే సాధనము. వారు ఆ పురుషుల పుట్టుక మొదలు నాశమువఱకు గల వృత్తాంతమును వివరించి, వినువారి బుద్ధియందు వారిని నిలుపుదురు. అపుడు శ్రోతలు కంసపక్షమువారును వాసుదేవపక్షమువారును అయి చీలుదురట. కొందఱి మొగములు ఎఱ్ఱబాఱును, కొందఱివి నల్లబడును.

భాష్యకారుడు క్రీ.పూ. 2వ శతాబ్దివాడని పలువురు విద్వాంసుల మతము. ఇచట విచారింపబడినది కాలప్రయోగమే యైనను, విద్యాచరిత్ర వ్రాయువారికి నిది యమూల్యమైన సాక్ష్యము. శౌభికు లెవరను దానిపై 1916లో జర్మను పండితుడు ల్యూడర్సు ప్రత్యేకవ్యాసమే రచించెను. ఆ వివాదముతో ప్రకృతము పని లేదు. చిత్రము వేఱు, మాట వేఱు అని భాష్యము విభజించుటయే ముఖ్యము. చిత్రమున దెబ్బ కనబడును. దానికి ముందేమి జరిగినది, వెనుక నేమి జరుగనున్నది యనునది కనబడదు. పుట్టుక మొదలు నాశమువఱకు గల క్రమమును భాష్యకారుడు గ్రంథికునకే యిచ్చెను గాని చిత్రమున కీయలేదు.

ఈ రెండు సాధనములను ఒక్కచోట చేర్చినవాడు యమపట్టికుడు. హర్షచరితము పంచమోచ్ఛ్వాసమున, తండ్రి వ్యాధివార్త విని రాజధానికి మరలి వచ్చిన హర్షుడు అంగడివీథిలో నట్టివాని నొకని చూచును. నిలువుకఱ్ఱకు వ్రేలాడు పటము వాని యెడమచేత నున్నది. దానిమీద దున్నపోతు నెక్కిన యముడు వ్రాయబడి యున్నాడు. రెండవచేత రెల్లుపుల్ల. దానితో జూపుచు వాడు పరలోకవృత్తాంతమును చెప్పుచుండగా, కుతూహలముతో చుట్టును మూగినవారు పిల్లలు. బాణభట్టు ఈ దృశ్యమును రానున్న యశుభమునకు సూచకముగా వాడుకొనెను. కాని 7వ శతాబ్దిలో ఆ యంగడిపిల్లలకు అది పాఠమే. ఆ పుల్ల విలువను గమనింపవలెను. పటమంతయు నొక్కమారే కంటబడును. పుల్లమొన యున్నచోటనే మాట యుండును. చూపు చెదరనీయక, మాటవెంట నడిపించునది యా పుల్లయే.

ముద్రారాక్షసము ప్రథమాంకమున నిది మఱింత స్పష్టము. చాణక్యుని చారుడు నిపుణకుడు యమపటము చేతబట్టి యిల్లిల్లు తిరుగుచు చందనదాసు నింట ప్రవేశించి, పటము పఱచి పాడుట కారంభించును. అయిదేండ్ల బాలు డొకడు దానిని చూడగోరి లోపలి గదినుండి వెలుపలికి వచ్చును. అయ్యో బయటికి పోయినాడని లోపల స్త్రీల కలకలము. ఒక స్త్రీ ద్వారమున మొగము కొంచెము చూపి, చేయి చాచి బాలుని పట్టుకొనును. ఆ తొందరలో వ్రేలియుంగరము జాఱి దొర్లి చారుని పాదముకడకు వచ్చును. అది రాక్షసుని ముద్రిక. కథ యంతయు దానిపై నడచినది గనుక వ్యాఖ్యాతల దృష్టి యుంగరముపైననే నిలిచినది. బాలునిపై నిలిపినచో నింకొకటి తెలియును. చిత్రము బాలుని గడపదాక లాగెను. బాలుడు తల్లిని లాగెను. పటము పట్టినవాడు గృహస్థుల యిండ్లలోనికి నిరాటంకముగా పోవుట లోకమున వాడుక కాకున్నచో, విశాఖదత్తుడు చారునకు ఆ వేషమే వేయడు.

తెలుగునాట ఈ సంప్రదాయము కులపురాణముల రూపమున నిలిచినది. తెలంగాణమున సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీలు ఎఱ్ఱని నేలపై వ్రాసిన పటములను గొనిపోయి, కూనపులివారు పద్మశాలీలకును, డక్కలివారు మాదిగలకును వారివారి పురాణమును చెప్పుదురు. పటము బహుదీర్ఘము, ఒక్కొక్క ఘట్టమే విప్పుచు, మిగిలినది చుట్టియే యుంచి కథ నడుపుదురు. రానున్న చిత్రమును దాచుట యిందలి నేర్పు. శ్రోతలలో పిల్లలకు వేఱు కథయు, పెద్దలకు వేఱు కథయు లేవు. తాతయు మనుమడును ఒక్క పటమునే చూతురు. మనుమడు అడిగినదానికి తాత బదులు చెప్పును.

ఐరోపాలో చిత్రము బడికి వచ్చిన త్రోవ వేఱు. అచట నది మొదట పుస్తకముగా వచ్చినది. 1658లో కొమేనియసు న్యూరెంబర్గున ప్రకటించిన సచిత్ర బాలపాఠమునందు 150 ప్రకరణములు, లాటిను జర్మను భాషలలో కలవు. బొమ్మలోని ప్రతివస్తువునకు నొక యంకె. ప్రక్కనున్న వాక్యమున ఆ వస్తువు పేరుకడ నదే యంకె. ఆ యంకె కాగితముపై నిలిచిన రెల్లుపుల్ల. మఱుసటి యేడు 1659లో హాలెండున హైగెన్సు మేజిక్ లాంతరునకు రూపము కల్పించెను. గాజుపలకపై వ్రాసిన బొమ్మ దీపకాంతిచే తెఱపై పెద్దదై పడును. మన దేశమున కల్యాణవాసి మహాదేవ గోపాల పట్వర్ధన్ 1892 ప్రాంతమున నీ యంత్రముతో రామాయణాది కథలను మాటలతోను పాటలతోను ప్రదర్శించెను. దానికి శాంభరిక్ ఖరోలికా యని పేరు. యంత్రము క్రొత్తది, వెనుక నిలిచినవాడు మాత్రము పాత యమపట్టికుడే.

ప్రభుత్వములు పూనుకొన్నప్పుడు మార్పు వచ్చినది. 1902లో ఇంగ్లండున వలసశాఖ యొక చిత్రబోధనసంఘము నేర్పఱచెను. హ్యూ ఫిషరు 1907లో బయలుదేఱి మన దేశమున ఛాయాచిత్రములు తీసెను. మాకిండరు వ్రాసిన భారతదేశ విషయికమైన యెనిమిది యుపన్యాసములు 1910లో వెలువడినవి. పలకలును సిద్ధము, పలుకులును సిద్ధము. ఉపాధ్యాయునకు మిగిలినది చదువుట. చిత్రములు నిజమైనవే, క్రమము మాత్రము పాలకునిది. దేని వెనుక దేనిని చూపవలెనో నిర్ణయించువాడు చూచువారి యభిప్రాయమును నిర్ణయించును. దూరమున నొకరు వ్రాసిన మాట వలన తరగతిలో ప్రశ్నకు తావు తగ్గును.

1975 ఆగష్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు జరిగిన ఉపగ్రహ దూరదర్శన ప్రయోగమున ఈ సమస్యయే మఱింత విరివిగా వచ్చెను. ఆంధ్రప్రదేశముతోగూడ ఆఱు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు అది చేరెను. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు వ్యవసాయారోగ్యాది విషయములు. తెలుగు పల్లెలకు తెలుగుననే ప్రసారము. ఒకే పెట్టె తల్లికిని బిడ్డకును గురువైనది. కాని పూటలు వేఱైనవి. యమపటముకడ కలిసి చూచినవా రిచట విడివిడిగా చూచిరి.

1987లో పవర్‌పాయింటు వెలువడిన పిదప క్రమమును కూర్చు నధికారము తిరిగి ప్రతి యుపాధ్యాయుని చేతికి వచ్చినది. ఇది సామాన్యలాభము కాదు. అంగన్‌వాడీ కార్యకర్తయు, పల్లె బడిపంతులును తమ యూరి చెఱువును, తమ యూరి పంటను బొమ్మలుగా పేర్చి, తమ మాటతో పిల్లలకు చూపవచ్చును; ఆ బొమ్మలనే తల్లిదండ్రుల సమావేశమున చూపి, బిడ్డ యేమి నేర్చుకొనుచున్నాడో తెలుపవచ్చును. అయితే పలకనిండ వాక్యములు వ్రాసి, వానినే బిగ్గరగా చదువు దురాచారమొకటి ప్రబలినది. రిచర్డు మేయరు 2001లో ప్రకటించిన బహుమాధ్యమాభ్యసన గ్రంథమున, చిత్రముతో వినబడు మాట చాలుననియు, అదే మాటను తెఱపై వ్రాసినచో అభ్యాసము కుంటుపడుననియు పరీక్షలచే చూపెను. కన్ను అక్షరమునకు పోయినచో చిత్రమునకు లేదు. రెల్లుపుల్ల పట్టినవాడు పటముపై పద్యములు వ్రాయించుకొనకపోవుటకు కారణ మిదియే కావచ్చును.

మఱి పసివారి మాట? డెలోచి, బర్న్సు అను పరిశోధకులు 1994లో నొక పరీక్ష ప్రకటించిరి. గదిలో బొమ్మను దాచినచోటు చిత్రమున చూపగా, ముప్పది నెలల బిడ్డలు పోయి వెదకి తెచ్చిరి. ఇరువదినాలుగు నెలలవారు తేలేకపోయిరి. చిత్రము మఱియొకదానిని తెలుపునను నెఱుక ఆ వయస్సున నింకను కుదురుకొనలేదు. రెండున్నర యేండ్ల లోపువారు తెఱవలన నేర్చునది ఎదుటి మనుష్యునివలన నేర్చుదానికంటె తక్కువయని ఆండర్సను, పెంపెకు 2005లో పూర్వపరిశోధనల సమీక్షించి వ్రాసిరి. నేడు చేతిఫోనులో బొమ్మలు తమంత తామే కదలుచు, ముందే నింపిన గొంతు మాటాడుచుండగా, బిడ్డ యొంటిగా చూచుచున్నాడు. వ్రేలు పెట్టి ఇదేమని యడుగును. ఆ గొంతు బదులీయక ముందునకు పోవును. తల్లి ప్రక్కగదిలో నుండును.