పైసా ముట్టని స్ట్రైకర్

1908 అక్టోబర్ 24. లండన్ వైట్ సిటీ స్టేడియంలో ఉన్నాం. అరవై వేలకు పైగా పట్టే స్టాండ్లు. వచ్చిన జనం ఎనిమిది వేలే. పచ్చిక చుట్టూ పరుగుపందేల ట్రాక్, దాని చుట్టూ మళ్లీ సైకిల్ ట్రాక్. ఆటగాళ్లు అల్లంత దూరాన ఉన్నారు, కళ్లు చికిలించుకుని చూడాలి.

ఒలింపిక్ ఫైనల్ ఇది. అవతల డెన్మార్క్. రెండు రోజుల కిందటే ఫ్రాన్స్‌ను 17-1తో చిత్తు చేసి వచ్చింది. అందులో పది గోల్స్ సోఫస్ నీల్సన్ ఒక్కడే కొట్టాడు. హాఫ్‌బ్యాక్‌గా దిగిన హరాల్డ్ బోర్, భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్‌కు తమ్ముడు.

ఇవతల బ్రిటన్ కెప్టెన్ వివియన్ వుడ్‌వర్డ్‌ను చూడండి. సన్నటి మనిషి, ఇరవై తొమ్మిదేళ్లు. ఆర్కిటెక్ట్ పనితో బతుకుతాడు, ఆటకు జీతం పుచ్చుకోడు. క్లబ్‌లో ఆయన పక్కన ఆడేవాళ్లకు వారానికి నాలుగు పౌండ్ల దాకా ముడుతుంది. సెప్టెంబర్ 1న ఆయన క్లబ్ టోటెన్‌హామ్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి అడుగుపెట్టిన రోజు, ఆ క్లబ్ తొలి లీగ్ గోల్ కొట్టింది మాత్రం ఈ జీతం లేని మనిషే.

బంతి మందపాటి తోలుది. దాని నోటికి తాడు బిగించి కట్టారు. తలతో కొట్టేటప్పుడు నుదురు ఆ తాడు మీద పడిందా, చర్మం చీరుకోవాల్సిందే. 20వ నిమిషంలో బ్రిటన్ ఆటగాడు చాప్‌మన్ గోల్ కొట్టాడు. విరామం అయింది. జనం ఇంకా కుదురుగా కూర్చోనైనా లేదు, వుడ్‌వర్డ్ రెండోది కొట్టేశాడు! 2-0. స్వర్ణం బ్రిటన్‌ది. 1912లో స్టాక్‌హోమ్‌లోనూ ఆయనే కెప్టెన్, ఫైనల్లో మళ్లీ డెన్మార్కే, మళ్లీ స్వర్ణమే.

ఇక 1915 ఏప్రిల్ 24కు రండి. మాంచెస్టర్, ఓల్డ్ ట్రాఫర్డ్. ఎటు చూసినా ఖాకీ యూనిఫారాలే, యుద్ధకాలం. ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో చెల్సీ, షెఫీల్డ్ యునైటెడ్ తలపడుతున్నాయి. ఇప్పటికి చెల్సీకి మారి, సైన్యంలో ఉన్న వుడ్‌వర్డ్‌కు ఆ జట్టు తరఫున ఆడేందుకు సెలవు దొరికింది. చేతి గాయంతో ఉన్న బాబ్ థామ్సన్ కోలుకోకపోతే ఆ చోటు ఆయనదే. థామ్సన్ కోలుకున్నాడు. జట్టును ఇక్కడిదాకా తెచ్చినవాడే ఆడాలని వుడ్‌వర్డ్ తప్పుకున్నాడు. చెల్సీ 3-0తో ఓడింది. ఆయన కొట్టిన ఏ గోల్ కన్నా ఆ రోజు ఆడనని చెప్పడమే నాకు గొప్పగా తోస్తుంది.

1916 జనవరిలో యుద్ధరంగంలో తొడకు గాయమైంది. ఆ తర్వాత పెద్ద స్థాయిలో ఆడలేదు. ఇంగ్లండ్ తరఫున 23 మ్యాచ్‌ల్లో ఆయన కొట్టిన 29 గోల్స్‌ను 1958 దాకా ఎవరూ దాటలేదు.