జిల్లాలో లేని జిల్లా ఆఫీసు

అడిగిన వాళ్ళందరికీ మ్యూనిక్‌లో ఉంటున్నామని చెబుతాం గానీ, నిజానికి మా ఊరు గార్చింగ్. నగరానికి ఉత్తరాన, యూ6 రైలు ఆఖరి స్టేషన్ల దగ్గర ఉంటుంది. 2025 మేలో నాన్నగారు వచ్చేదాకా ఆ తేడా నేనూ పట్టించుకోలేదు.

ఆయన రంగారెడ్డి జిల్లా రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన్ని మరియాహిల్ఫ్ ప్లాట్జ్‌లో ఏడాదికి మూడుసార్లు జరిగే ఆవర్ డుల్ట్ సంతకి తీసుకెళ్ళాను. అక్కడి పింగాణీ గిన్నెల దుకాణాలు చూసి తీరాలి. ఆయన మాత్రం గిన్నెలొదిలేసి, పక్కనున్న పెద్ద భవనం చూపించి "ఇదేం ఆఫీసురా?" అన్నారు.

"మ్యూనిక్ జిల్లా ఆఫీసు నాన్నా. మా ఊరు దీని కిందే. మ్యూనిక్ నగరం మాత్రం ఈ జిల్లాలో లేదు."

"అంటే జిల్లా ఆఫీసు జిల్లాలో లేదన్నమాట! అచ్చం మా లక్డీకాపూల్ లాగే!"

నిజమే. 1978లో హైదరాబాదు నుంచి రంగారెడ్డి జిల్లా విడిపోయినా, 2022లో కొంగరకలాన్‌కి వెళ్ళేదాకా దాని కలెక్టరేటు నగరంలోనే ఉంది.

మ్యూనిక్ కథ ఒక వంతెన తగాదాతో మొదలైంది. ఓబర్‌ఫోరింగ్‌లో ఫ్రైజింగ్ బిషప్పు ఉప్పు బండ్ల మీద సుంకం వసూలు చేసేవాడు. హెన్రీ ప్రభువు ఆ వంతెనను పడగొట్టించి, ఆ వ్యాపారాన్ని మ్యూనిక్‌కి మళ్ళించాడు. 1158లో చక్రవర్తి ఫ్రెడరిక్ ఆ రాబడిలో మూడో వంతు బిషప్పుకిమ్మని తీర్పిచ్చాడు. తర్వాత నగరం చుట్టుపక్కల ఊళ్ళను కలుపుకుంటూ పోయింది. ఈ ఆఫీసున్న ఆవ్ పేటను 1854లో, ఆ ఓబర్‌ఫోరింగ్‌నే 1913లో, పాసింగ్‌ను 1938లో కలుపుకుంది. కలవకుండా మిగిలినవాటితో ఇప్పుడు జిల్లాలో 29 ఊళ్ళున్నాయి.

"మరి కలెక్టరెవరు?"

"లాండ్‌రాట్ అంటారు. ఆరేళ్ళకోసారి జనమే ఎన్నుకుంటారు. మన కలెక్టరు పనీ, జిల్లా పరిషత్ ఛైర్మన్ పనీ రెండూ ఒక్కరివే."

నాన్నగారు ఆశ్చర్యపోయారు. "నువ్వెవరికి వేశావు?"

"జర్మన్లకీ, యూరోపియన్ యూనియన్ దేశాల వాళ్ళకే ఓటు. నాకు కావాలంటే మన పాస్‌పోర్టు వదులుకోవాలి."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "పన్నులు కడుతున్నావుగా?" అన్నారు చివరికి.

ఆ వారమంతా జిల్లా చూపించాను. 1701లో మాక్స్ ఇమాన్యుయేల్ మొదలుపెట్టిన ష్లైస్‌హైమ్ కొత్త రాజభవనం, 762లో వెలసిన షెఫ్ట్‌లార్న్ మఠం, ఇసార్ ఒడ్డున గ్రూన్‌వాల్డ్ కోట. చివరికి మా ఊరి 'అణు గుడ్డు'. 1957లో మొదలై 2000లో ఆగిపోయిన పరిశోధన రియాక్టరు గుమ్మటం అది. ఊరి చిహ్నంలో కూడా ఉంటుంది. "మీ ఊరు బాగుందిరా" అన్నారు నాన్నగారు. 'మీ ఊరు' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

2026 మార్చి 8న స్థానిక ఎన్నికలు జరిగాయి. పక్కింటివాళ్ళతో కబుర్లాడుతూ పోలింగు జరిగే చోటుదాకా నడిచాను. వాళ్ళు లోపలికి వెళ్ళారు. నేను బయట నిలబడ్డాను. పౌరసత్వం దరఖాస్తు ఇంకా సొరుగులోనే ఉంది.